కన్యలో నీచ శుక్రుడు, ప్రేమలో నా వంకలు: ఇది కర్మా, నా బుద్ధా?

మఖ_రెండోపాదం
అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. ఈ పోస్టు మూడు రోజుల నుంచి రాస్తూ చెరుపుతూ ఉన్నాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు జాతకం. మీన లగ్నం, సింహ రాశి, మఖ 2వ పాదం. పెళ్ళిని చూపే ఏడో ఇంట్లో కన్యలో బుధుడు 11 డిగ్రీలు, ప్రేమని చూపే శుక్రుడు 14 డిగ్రీలు. కన్య శుక్రుడికి నీచ, అంటే బలం బాగా తగ్గే రాశి. పదిలో ధనుస్సులో శని, నాలుగులో మిథునంలో గురువు. ఆరులో సింహంలో రవి చంద్రులు, అమావాస్య ఇంకో సగం రోజు ఉందనగా పుట్టాను. వయసు 36. చంద్ర మహాదశ, అంటే చంద్రుడి ప్రభావం ఉండే ఏళ్ళు, నడుస్తోంది. అందరూ గొప్పగా చెప్పే ఆ 20 ఏళ్ళ శుక్ర మహాదశ నాకు నాలుగో ఏట మొదలై ఇరవై నాలుగో ఏట అయిపోయింది, అంటే అక్షరాలు దిద్దుకోవడంతో మొదలై పరీక్షలతో ముగిసింది. మార్కులు మాత్రం బాగా వచ్చాయి.

ఇక అసలు సంగతి. ఇప్పటికి మూడుసార్లు ప్రేమించాను, మూడూ నేనే తెంచుకున్నాను. పెద్ద కారణాలేం లేవు. ఒకతను ఏ కథ చెప్పినా మధ్యలో వదిలేసేవాడు. ఒకతను ఎప్పుడు చూసినా పది నిమిషాలు లేటు. ఇంకొకతను నా మాటలకి మరీ గట్టిగా నవ్వేవాడు, నిజంగా అదే కారణం, ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. నాలుగో మనిషితో ఏడాదిన్నర బాగానే నడిచింది. అతనిలో నచ్చనివన్నీ ఫోన్‌లో ఒక లిస్టు రాసుకున్నాను, 41 అయ్యాయి. తిట్టడానికి కాదు, మెల్లగా ఒక్కొక్కటీ మాట్లాడి సరిచేసుకుందామని. ఒకరోజు అది అతని కంటపడింది. మొత్తం చదివాడు. కోప్పడలేదు. "23, 31 రెండూ ఒకటే, రెండుసార్లు రాశావు" అన్నాడు, ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పదకొండు రోజులైంది.

నాకు తెలిసిన ఒకాయన జాతకం చూసి, నువ్వు పోయిన జన్మలో భర్తని ఏడిపించావు, ఆ పాపం ఇప్పుడిలా అనుభవిస్తున్నావు, నీచ శుక్రుడంటే అదే అన్నాడు. అప్పటి నుంచి నిద్ర లేదు. ఇది నిజంగా కర్మేనా? అయితే ఎప్పటికి తీరుతుంది?

శని_వాయిదా
టెన్షన్ పడకండి అండీ. మీది సింహరాశి కదా, 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు, అంటే మీ రాశికి ఎనిమిదో ఇంట్లో, అష్టమ శని. పైగా లగ్నం మీద కూర్చుని ఏడో చూపుతో సరిగ్గా మీ శుక్రుణ్ణే చూస్తున్నాడు. 2027 దాకా ఇంతే. అది దాటితే అన్నీ సర్దుకుంటాయి. నాది కుంభరాశి, ఏలినాటి శని ఏడున్నరేళ్ళ లెక్కలో చివరి భాగంలో ఉన్నాను, నన్ను చూసి ధైర్యం తెచ్చుకోండి.

లెక్కల_మనిషి
శనిగారి పేరు చెప్పి అన్నీ వాయిదా వేయడం ఈ వేదికలో మామూలే (పేరు కూడా అందుకే పెట్టుకున్నట్టున్నారు). మొదటి ముగ్గుర్నీ వదులుకున్నది 2025కి ముందే కదా? అప్పుడు శని మీనంలో లేడుగా?

మఖ_రెండోపాదం
లేడు. మొదటిది నాకు 23 ఏళ్ళప్పుడు. శుక్ర దశ చివర్లో.

హోరా_మాస్టారు
అమ్మా, ముందు ఆ పోయిన జన్మ మాట పక్కన పెట్టు. ముప్పై ఏళ్ళుగా జాతకాలు చూస్తున్నాను, ఎవరు ఏ జన్మలో ఎవర్ని ఏడిపించారో చెప్పగల సత్తా నాకు లేదు, చెప్పేవాళ్ళని చూస్తే భయం కూడా. చక్రంలో ఉన్నది మాట్లాడుకుందాం.

శుక్రుడికి కన్య నీచ స్థానం, పరమ నీచ 27వ డిగ్రీ. అదే కన్య బుధుడికి స్వక్షేత్రమూ (సొంతిల్లు), ఉచ్ఛ స్థానమూ (బలం బాగా పెరిగే చోటు), పరమోచ్ఛ 15వ డిగ్రీ. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బుధ శుక్రులు శత్రువులు కారు, పరస్పరం మిత్రులు. శుక్రుడు పగవాడి ఇంట్లో నీచపడలేదు, స్నేహితుడి ఇంట్లో, ఆ స్నేహితుడు మహా వైభవంగా ఉన్నచోట నీచపడ్డాడు. నీ జాతకంలో శని కూడా ధనుస్సు నుంచి పదో చూపుతో కన్యని చూస్తున్నాడు. శని కూడా శుక్రుడికి మిత్రుడే. ముగ్గురూ స్నేహితులేనమ్మా! ఒకడు లెక్క రాస్తాడు, ఒకడు గడువు పెడతాడు, ఇద్దరూ శుక్రుడి మేలు కోరే. నువ్వు 'తిట్టడానికి కాదు, సరిచేసుకుందామని' అని రాశావు చూడు, ఆ ఒక్క మాటలోనే నీ ఏడో ఇల్లు మొత్తం కనిపించింది నాకు.

ఇంకోటి. ఏడులో ఉచ్ఛ బుధుడు కేంద్రంలో (1, 4, 7, 10 ఇళ్ళని కేంద్రాలంటారు) ఉన్నాడు కాబట్టి భద్ర యోగం, పంచ మహాపురుష యోగాల్లో ఒకటి. తెలివి, మాట, పనిలో శుభ్రత, అన్నీ ఇస్తాడు. కానీ మీనం ద్విస్వభావ రాశి, ద్విస్వభావ లగ్నాలకి ఏడో ఇల్లు బాధక స్థానం, అడ్డంకులు తెచ్చే ఇల్లు. అంటే నీకు కళత్రాన్ని, జీవిత భాగస్వామిని, ఇవ్వాల్సిన గ్రహమే బాధకుడు కూడా, అతనే ఉచ్ఛలో ఉన్నాడు. ఉద్యోగంలో నీకు పేరు తెచ్చిన గుణమే ఇంట్లోకి వచ్చేసరికి ముల్లవుతుంది. దీనికి పోయిన జన్మ దాకా పోవాలా?

ఇక పంచమాధిపతి చంద్రుడు ఆరులో. ప్రేమను చూపే భావాధిపతి ఋణ రోగ శత్రు స్థానంలో ఉన్నాడు. ప్రేమ అనగానే బాకీల లెక్క మొదలవుతుంది నీకు.

భయపెట్టి వదిలేయను, మిగతాది రేపు రాస్తాను. నీ నవాంశ, అంటే ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం, చూడాలి.

మీనం_మునక
మాస్టారూ, ఉచ్ఛ శుక్రుడి సంగతి కూడా కాస్త చెప్పండి, ఎందుకంటే ఈ దారంలో రాబోయే పది పోస్టులూ "శుక్రుడు మీనంలో ఉచ్ఛ, అక్కడ లెక్కలుండవు, అంతా దయే" అని వస్తాయి, నాకు తెలుసు. నాది మీనంలో శుక్రుడు, 26 డిగ్రీలు, పరమోచ్ఛకి ఒక్క డిగ్రీ దూరం. చూసిన ప్రతివాళ్ళూ అబ్బో అన్నవాళ్ళే.

అబ్బో లేదు ఏమీ లేదు. తొమ్మిదేళ్ళు ఒక మనిషితో ఉన్నాను. అబద్ధం చెబితే క్షమించాను, డబ్బు తీసుకుని ఇవ్వకపోతే క్షమించాను, వేరే మనిషి సంగతి బయటపడితే దానికీ ఏదో కారణం నేనే వెతికిపెట్టాను. నాకు అతనిలో ఒక్క వంక కనపడేది కాదు, నిజంగా కనపడేది కాదు, అది దయ కాదు గుడ్డితనం. మఖగారూ, మీ లిస్టులో ఒక్క ఐదు వరసలు నా దగ్గర ఉండుంటే మూడో ఏటే బయటపడేదాన్ని. నీచమని మరీ కుంగిపోకండి. నాకైతే మీ బుధుడి మీద కాస్త అసూయగానే ఉంది.

మఖ_రెండోపాదం
మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. థాంక్స్ అనడం చాలదు.

లెక్కల_మనిషి
అందరూ భావోద్వేగంలో ఉన్నారు కాబట్టి నేను కాస్త నీళ్ళు చల్లుతాను, తిట్టుకోకండి.

భూమి మీది నుంచి చూస్తే శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలకి మించి దూరం పోడు. అంటే సూర్యుడితో పాటే తిరుగుతూ దాదాపు ఏడాదికో చుట్టు పూర్తి చేస్తాడు. కాబట్టి దాదాపు ప్రతి ఏడాదీ కొన్ని వారాలు కన్యలో ఉంటాడు, వక్రిస్తే (వెనక్కి నడిచినట్టు కనిపిస్తే) నెలల తరబడి ఉంటాడు. ఆ రోజుల్లో పుట్టిన ప్రతి మనిషికీ నీచ శుక్రుడే. మొత్తం మీద జనంలో ఉజ్జాయింపుగా పన్నెండో వంతు మందికి. వాళ్ళందరూ ప్రియుడి తప్పులు 41 రాసుకుంటున్నారా?

ఇంకా తమాషా ఏంటంటే, ఆవిడ చెప్పిన కన్య 14 డిగ్రీలకి అయనాంశ (మన లెక్కకీ పాశ్చాత్య లెక్కకీ ఉన్న తేడా) 24 డిగ్రీలకి కాస్త తక్కువ కలిపితే సాయన లెక్కలో, అంటే పాశ్చాత్యుల లెక్కలో, తుల 8 డిగ్రీల దగ్గర తేలుతుంది. పాశ్చాత్య జ్యోతిష్యుడి దగ్గరకెళితే అదే శుక్రుడు స్వక్షేత్రంలో ఉన్నాడు, మీరు ప్రేమ కోసమే పుట్టారు అంటాడు. ఆకాశంలో గ్రహం ఒక్కటే. మరి ఏ కర్మ నిజం?

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకి, ఇది ప్రత్యేకంగా నీ గురించి రాసింది అంటూ ఒక్కో కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4కి పైనే వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులోని వాక్యాలు ఒక జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరినవి. 'మీకు ఉద్యోగంలో పేరు తెచ్చిన గుణమే ఇంట్లో ముల్లవుతుంది' అనేది ఎవరికి సరిపోదు చెప్పండి మాస్టారూ? నాకూ సరిపోయింది, నాది వృషభంలో శుక్రుడు.

హోరా_మాస్టారు
లెక్కల మనిషిగారూ, మీరు రాకపోతే దారానికి అందం లేదు. మన నిరయనం, వాళ్ళ సాయనం రెండు వేర్వేరు కొలబద్దలు. ఒక బట్టని గజాల్లో కొలిచి మీటర్లలో ధర కడితే తప్పు కొలబద్దది కాదు. ఒక పద్ధతి పట్టుకుంటే చివరిదాకా అందులోనే ఉండాలి, అంతే. ఇక పన్నెండో వంతు మందికి నీచ శుక్రుడు అన్నారు, ఒప్పుకుంటాను, అందుకే ఒక్క గ్రహం చూసి ఫలితం చెప్పకూడదు అని నెత్తీ నోరూ కొట్టుకునేది.

ఆ కాగితం సంగతి మాత్రం నాకు బాగా గుచ్చుకుంది, దాచుకోను. నా దగ్గరికొచ్చిన చాలామంది 'అచ్చం నా గురించే చెప్పారు' అన్నప్పుడు పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు కొంచెం తక్కువ పొంగుతాను.

మనసు_చదువు
మనస్తత్వ శాస్త్రం చదువుతున్నాను, జ్యోతిష్యం మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నంతే వచ్చు, కాబట్టి ఇటూ అటూ తన్నులు తినేది నేనే.

పర్ఫెక్షనిజం అంటే అందరూ ఒకటే అనుకుంటారు. పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ అనే ఇద్దరు 1991లో దాన్ని మూడుగా విడదీశారు. తన మీద తను పెట్టుకునే కొలత, ఎదుటివాళ్ళ మీద పెట్టే కొలత, లోకం నా నుంచి తప్పులేనితనం ఆశిస్తోంది అనే నమ్మకం. బంధాలకి నేరుగా తగిలేది రెండోది, కానీ మఖగారి పోస్టులో నాకు ఎక్కువ కనిపించింది మూడోది. పోస్టు మూడు రోజులు చెరిపి రాయడం, మార్కుల ప్రస్తావన, సిగ్గుగా ఉంది అనడం. ఎదుటివాళ్ళ తప్పులు లెక్కపెట్టే చాలామంది అసలు భయపడేది తమ లిస్టు ఇంకెవరో రాస్తున్నారేమోనని. ఇది నా ఊహే, మీకు తప్పనిపిస్తే కొట్టిపారేయండి.

అన్నట్టు, నిద్ర పట్టడం లేదన్నారు. ఇలాగే కొన్నాళ్ళు సాగితే కౌన్సెలర్‌ని కలవడంలో తప్పేం లేదు. జాతకం చూపించుకోవడానికి పడని సిగ్గు దీనికెందుకు?

మఖ_రెండోపాదం
కొట్టిపారేయలేను. అతను నా గురించి ఒక లిస్టు రాసి ఉంటాడని ఏడాదిన్నరగా అనుకుంటున్నాను. ఒకసారి అతని ఫోన్‌లో వెతికాను కూడా. లేదు. లేకపోయేసరికి తేలికపడాలి కదా, పడలేదు, ఇంకెక్కడో దాచాడు అనుకున్నాను. ఈ విషయం ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా.

పాత_డైరీ
ఇన్నాళ్ళూ ఈ దారానికి దూరంగా ఉందామనుకున్నాను. నాదీ కన్యలో శుక్రుడు, 27 డిగ్రీలు, చిత్త 2వ పాదం. నవాంశలోనూ కన్యే, అంటే వర్గోత్తమ నీచ, మాస్టారు చూడాలన్న నవాంశ వైపు నుంచి తప్పించుకునే దారి కూడా నాకు లేదు. వయసు 61, పెళ్ళయి 34 ఏళ్ళు.

నా కథ చిన్నది. మా ఆవిడ బట్టలు మడతపెట్టేది. ఆవిడ పెట్టి వెళ్ళాక నేను వెళ్ళి అంచులు సరిగా కలవలేదని మళ్ళీ విప్పి మడతపెట్టేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆవిణ్ణి ఒక మాట అనలేదు, అదే నా గొప్ప అనుకునేవాణ్ణి, అరవను, విసుక్కోను, నిశ్శబ్దంగా సరిచేస్తాను. పన్నెండేళ్ళు అలా జరిగింది. ఒకరోజు నుంచి ఆవిడ మడతపెట్టడం మానేసింది. గొడవ లేదు, చెప్పడం లేదు. ఉతికినవి కుప్పగా తెచ్చి మంచం మీద నా వైపు పెట్టేది. తర్వాత ఇంకొన్ని మానేసింది. పాటలు పాడేది, శ్రుతి తప్పుతోందని ఒకటి రెండుసార్లు అన్నానేమో, అదీ మానేసింది. కోడిగుడ్డుకి ఈకలు పీకేవాడి ఇంట్లో ఎవరు మాత్రం పాడతారు?

ఇప్పటికీ బట్టలు నేనే మడతపెడతాను. ఇరవై రెండేళ్ళయింది. పరిహారం ఏమిటని అడిగేవాళ్ళకి ఇదే చెబుతాను, నవ్వుతారు.

మాస్టారు 'ముగ్గురూ స్నేహితులే' అన్న మాట చదివి చాలాసేపు అలా కూర్చున్నాను.

శని_వాయిదా
సార్, పాట మళ్ళీ పాడించండి.

పాత_డైరీ
అడిగాను బాబూ. మర్చిపోయానంది.

హోరా_మాస్టారు
పాత డైరీగారి పోస్టు తర్వాత ఏం రాసినా వెలితిగానే ఉంటుంది. అయినా మాట ఇచ్చాను కాబట్టి.

అమ్మా మఖా, నీ శుక్రుడు 14 డిగ్రీలు, హస్త 2వ పాదం. ఆ పాదం నవాంశలో వృషభంలో పడుతుంది, అంటే స్వక్షేత్రం. రాశి చక్రం చెట్టయితే నవాంశ కాయ అంటారు పెద్దలు. చెట్టు వంకర, కాయ తీపి. పైగా నీచభంగం, అంటే నీచ దోషం రద్దయ్యే యోగం, కూడా ఉంది. శుక్రుడి ఉచ్ఛ రాశి మీనానికి అధిపతి గురువు లగ్నం నుంచి నాలుగులో కేంద్రంలో ఉన్నాడు, నీచ రాశ్యధిపతి బుధుడు ఏడులో కేంద్రంలో ఉన్నాడు. నీచభంగం అనగానే రాజయోగం అని ఎగిరి గంతెయ్యకు. నా అనుభవంలో నీచభంగం అంటే ముందు నీచం పూర్తిగా అనుభవానికి రావాలి, ఆ తర్వాతే భంగం. పడకుండా లేవడం కాదు అది.

కర్మ గురించి అడిగావు. సంచితం అమ్ములపొదిలో ఉన్న బాణాలు, ప్రారబ్ధం వదిలేసిన బాణం, ఆగామి ఇప్పుడు చేతిలో ఉన్న బాణం, ఇది అందరికీ తెలిసిన పోలికే. జాతకం చూపేది ప్రారబ్ధాన్ని. అందులోనూ దృఢం, అదృఢం, దృఢాదృఢం అని మూడు రకాలు. పది వైపుల నుంచి ఒకటే ఫలితం చెబితే దృఢం, కదలదు. ఒక్క వైపే చెబితే అదృఢం, చిన్న ప్రయత్నంతో పోతుంది. నీది మధ్యరకం. రాశి ఒకటి చెబుతోంది, నవాంశ ఇంకోటి చెబుతోంది, గురువు మూడోది చెబుతున్నాడు. పట్టుబట్టి మోస్తే కదిలే బరువు ఇది. నీకు చెప్పినాయన దృఢమని తేల్చేశాడు, నాకది కనబడటం లేదు.

లెక్కల_మనిషి
మాస్టారూ, పాత డైరీగారికి వర్గోత్తమ నీచ అయితే ఆయనది దృఢ కర్మ అన్నమాట, ఇక ఏం చేసినా అంతేనా? 34 ఏళ్ళు కలిసే ఉన్నారు మరి. మఖగారికి నీచభంగం, కానీ మూడూ తెగిపోయాయి. జాతకాలు తారుమారయ్యాయా?

హోరా_మాస్టారు
మంచి ప్రశ్న వేశారు. కలిసుండటాన్ని ఫలితమని మీరు లెక్కేశారు, నేను అలా వెయ్యను. వర్గోత్తమం గ్రహానికి బలం ఇస్తుంది, నీచలో అయినా సరే. నిలబెట్టింది, కానీ ఎలా నిలబెట్టింది? కుప్పగా తెచ్చి మంచం మీద పెట్టింది. ఇంతకంటే చెబితే వాళ్ళ ఇంటి విషయంలో వేలు పెట్టినట్టవుతుంది, ఆపేస్తాను. మీకు ఇది తప్పించుకోవడంలా అనిపిస్తే అనిపించనివ్వండి, కొంత నిజమే.

పాత_డైరీ
వేలు పెట్టినా పర్లేదు మాస్టారూ. అయితే కర్మ అనే మాట నాకెప్పుడూ ఇంత పెద్దగా కనపడలేదు. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత, అంతే. నేను రోజూ ఒక మడత విప్పాను, పన్నెండేళ్ళలో అది ఎన్నిసార్లయిందో లెక్కేయండి. దానికి పోయిన జన్మ అక్కర్లేదు, ఈ జన్మలోనే నాలుగు వేలు దాటింది.

ఇంకో మాట, మఖగారికి. గీత 18వ అధ్యాయంలో, దోషం ఉన్నా సరే సహజంగా వచ్చిన కర్మని వదలకూడదు, నిప్పుని పొగ కమ్మినట్టు మొదలుపెట్టిన ప్రతి పనినీ ఏదో దోషం కమ్మే ఉంటుంది అని ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్నదే. నిప్పుకే పొగ తప్పనప్పుడు ఆవిడ మడత పెట్టిన దుప్పటికి అంచు కలవకపోతే ఏమైంది అని నాకు 50 దాటాక తట్టింది.

మీనం_మునక
నేను మాత్రం పొగ పొగే అంటాను. కొన్నిసార్లు నిప్పే ఉండదు, ఉత్త పొగే ఉంటుంది, అది గుర్తుపట్టడానికి కన్య కావాలి. మఖగారూ, ఆ 41లో నిజంగా భరించలేనివి ఎన్ని? అబద్ధం, అవమానం, భయపెట్టడం లాంటివి?

మఖ_రెండోపాదం
మీరు అడిగాక కూర్చుని చూశాను. అలాంటివి ఒక్కటీ లేవు. ఎక్కువ భాగం అలవాట్లు. తలుపు వేసేటప్పుడు చప్పుడు, ఫోన్‌లో మాట్లాడుతూ గదంతా తిరగడం, నేను అడిగిన రెండు ప్రశ్నల్లో ఒకదానికే జవాబివ్వడం. ఆరేడు మాత్రం నాకు నిజంగా అసౌకర్యం, అవి మాట్లాడాల్సినవే. మిగతావి నేను ఎందుకు రాశానో కూడా గుర్తు లేదు. 38వది "నన్ను చూసి మరీ తొందరగా సంతోషపడతాడు" అని ఉంది. అది రాసిన మనిషి నేనేనా అని భయమేసింది.

మనసు_చదువు
38 గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం, అదే తలుపనిపిస్తోంది. ఒకరు మనల్ని చూసి తొందరగా సంతోషపడితే, మనం అంత సులువుగా సరిపోతామని నమ్మాల్సి వస్తుంది. కొందరికి అది చాలా కష్టం. నాక్కూడా.

శని_వాయిదా
అతని జాతకం పెట్టండి అండీ, శుక్రుడు, సప్తమాధిపతి చూస్తే మళ్ళీ వస్తాడో లేదో తెలుస్తుంది. 36 గుణాల్లో ఎన్ని కలిశాయి? 18 దాటితే చాలు.

మఖ_రెండోపాదం
రెండు రోజులు ఇటు రాలేదు. నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. చేసే ముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను (నవ్వండి). మొదటి వాక్యం దాటగానే కాగితం పక్కకి పోయింది. క్షమించమని అడిగాను కానీ సరిగ్గా అడగలేదు, మధ్యలో దగ్గొచ్చింది, ఒకటే మాట మూడుసార్లు అన్నాను. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ లిస్టు ఇంకా ఉందా అన్నాడు. ఉంది, 31వది కొట్టేశాను అన్నాను. నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. ఆదివారం కలుద్దాం అన్నాడు, ఏమవుతుందో తెలియదు, అతను తెంచుకోవడానికే రావచ్చు కూడా, ఆ హక్కు ఉంది.

జాతకం అడిగారు. మొదటి ముగ్గురివీ చూశాను, ఒక్కొక్కరిదీ పది పేజీలు రాసిపెట్టాను, ఏ గ్రహం ఎక్కడ ఇబ్బంది పెడుతుందో రంగులు వేసి మరీ. ఇతనిది ఎప్పుడూ చూడలేదు. పుట్టిన సమయం అడిగితే 'ఉదయమో ఏమో' అన్నాడు, అది లిస్టులో 9వది. చూడను కూడా. కనీసం ఆదివారం దాకా.

హోరా_మాస్టారు
ఇన్నేళ్ళలో జాతకం చూడను అని ఒకరు అంటే 'సరే' అనడం నాకిదే మొదటిసారి. లెక్కల మనిషిగారు ఇది దాచుకుని రేపు నా మీదే ప్రయోగిస్తారు.

లెక్కల_మనిషి
స్క్రీన్‌షాట్ తీసేశాను మాస్టారూ.

చిత్త_కొత్తగా
అందరికీ నమస్కారం, ఇప్పుడే చేరాను. నాకూ కన్యలో శుక్రుడు, నీచ అంటున్నారు, చాలా భయంగా ఉంది. పెళ్ళి ఎప్పుడవుతుందో, అమ్మాయి ఎలాంటిదో ఎవరైనా చూసి చెప్తారా? నాకు కావలసిన లక్షణాలు కింద రాశాను, మొత్తం 26.

పాత_డైరీ
ముందు పై పోస్టులు చదువు నాయనా. తర్వాత నీ బట్టలు ఎవరు మడతపెడతారో చెప్పు.